2024లో మొదటి పాట నుంచి చివరి పాట దాకా మీరు విన్న ఆల్బమ్‌లు ఏవి? (ఇండీ, రాక్)

కాడుగోడి_కిట్టు
డిసెంబర్ వచ్చింది, ఏడాది జాబితాలు వరసగా పడుతున్నాయి. ఆఫీసులో ఎవర్ని కదిపినా ఈ సంవత్సరం నచ్చిన పాట చెప్తున్నారు గానీ నచ్చిన ఆల్బమ్ చెప్పేవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. ప్లేలిస్టులో ఒకరి పాట, దాని వెనక ఇంకెవరిదో పాట. ఆల్బమ్ చేసినవాళ్ళు ఏ పాట తర్వాత ఏది రావాలో కూర్చుని తేల్చుకుంటారు కదా, దాన్ని షఫుల్‌లో పడేస్తే వాళ్ళు చేసిన పనిలో సగం మనకి అందదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

అందుకే అడుగుతున్నా. 2024లో వచ్చినవాటిలో మీరు వరసగా, మళ్ళీ మళ్ళీ విన్నవి ఏవి? పేర్లు పడేసి వెళ్ళిపోకండి, ఎందుకో కూడా రాయండి.

నాకైతే అన్నిటికన్నా పైన బ్రిటన్ రాక్ బ్యాండ్ ద క్యూర్ వాళ్ళ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 2008 తర్వాత మళ్ళీ ఇప్పుడే ఆల్బమ్, నవంబర్ 1న వచ్చింది. మొత్తం ఎనిమిదే పాటలు. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు వినపడదు. అప్పటిదాకా డ్రమ్ములు, కీబోర్డు, కింద బరువుగా బేస్. ఆ మూడు నిమిషాలు ఓపిక పడితే ఆ గొంతు వచ్చినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. చివరి పాట పది నిమిషాల పైమాటే. నేను కాడుగోడిలో బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే మెజెస్టిక్ చేరే టైముకి ఆల్బమ్ ముగింపుకి వస్తుంది, ఈ నెలంతా అదే పని.

తర్వాత ఫాంటెయిన్స్ డీసీ 'రొమాన్స్', వాక్సహాచీ 'టైగర్స్ బ్లడ్', ఎంజే లెండర్మన్ 'మానింగ్ ఫైర్‌వర్క్స్', బెత్ గిబ్బన్స్ 'లైవ్స్ అవుట్‌గ్రోన్'. మీవి చెప్పండి.

మెటల్_మూర్తి
జాబితా మొత్తం ఏడుపే కదా బ్రో! మన ఊరి క్రిప్టోస్ జులైలో 'డెసిమేటర్' దించితే దాని ఊసే లేదు. 1998 నుంచి బెంగళూరులో వాయిస్తున్న బ్యాండ్, ఇది ఏడో ఆల్బమ్, జర్మనీ లేబుల్ (రికార్డు కంపెనీ) విడుదల చేసింది. రెండు గిటార్లు జంటగా పరిగెత్తడం వినాలంటే ఇదే వినాలి. ముందు అది పెట్టుకో, తర్వాత మాట్లాడదాం.

శ్రావ్య_హెచ్ఎస్ఆర్
'టైగర్స్ బ్లడ్' మీద ఒక్క ముక్కా రాయలేదేంటి కిట్టు గారూ, నేను రాస్తా.

వాక్సహాచీ అంటే కేటీ క్రచ్‌ఫీల్డ్. అమెరికాలో అలబామా ఆవిడది, అక్కడి ఒక వాగు పేరే తన ప్రాజెక్టుకి పెట్టుకుంది. ఆల్బమ్ టెక్సాస్‌లో రికార్డు చేశారు. మీ జాబితాలోనే ఉన్న లెండర్మన్ ఇందులో గిటార్ వాయించాడు, గొంతు కలిపాడు. వాళ్ళిద్దరూ కలిసి పాడిన పాటలో ఒక బాంజో ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో వినండి. పాట మొత్తం ఆ బాంజో పక్కకి జరగదు, ముందుకీ రాదు, తన పని తను చేసుకుపోతుంది. పైన రెండు గొంతులు కొంచెం ముందూ వెనకగా నడుస్తాయి. దాన్ని ఎవరూ సరిచేసి ఒకే గీత మీదకి తేలేదు. అందుకే ఇద్దరు మనుషులు ఒకే గదిలో నిలబడి పాడినట్టు ఉంటుంది.

నేను రాత్రి వంట చేసుకుంటూ వింటా. ఒక పాట మధ్యలో ఆపి వెళ్ళిపోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఎక్కడా గొంతు చించుకోదు, ఉన్న మాట ఉన్నట్టు చెప్తుంది. నాకు ఈ ఏడాది ఇదే మొదటిది, దీని తర్వాతే మీ క్యూర్.

బేస్‌లైన్_బాబు
ఫాంటెయిన్స్ గురించి నాకు పేచీ ఉంది. 2019లో వాళ్ళ మొదటి ఆల్బమ్ 'డోగ్రెల్' విన్నప్పుడు వాళ్ళ ఊరు డబ్లిన్ వీధుల్లో నడిచినట్టు ఉండేది, ఆ యాస, ఆ గరుకు. 'రొమాన్స్'లో అది నునుపు తేలిపోయింది. ప్రొడ్యూసర్‌ని మార్చారు, పెద్ద స్టేడియాలకి సరిపడా సౌండ్ చేశారు. బాగాలేదని అనను, కానీ అంత గొప్పగా చెప్పేంత లేదు.

కాడుగోడి_కిట్టు
బాబూ, నునుపన్నావు, సరే. కానీ అందులో సింగిల్‌గా, అంటే విడిగా వదిలిన పాట ఒకటి ఉంది చూడు, పల్లవిలో ఊపిరి ఎగబీల్చే శబ్దం. వాళ్ళ గాయకుడు గ్రియాన్ చాటెన్‌కి లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో పానిక్ అటాక్ వచ్చిందట, అదే పాటైంది. ఆ ఊపిరిని తాళంలో ఒక దెబ్బలా వాడుకున్నారు. టెన్షన్ గురించి పాటలు చాలానే విన్నాం, టెన్షన్ ఒంట్లో ఎలా ఉంటుందో వినిపించినది తక్కువ. పైగా ఆ కొత్త ప్రొడ్యూసర్ జేమ్స్ ఫోర్డే బెత్ గిబ్బన్స్ ఆల్బమ్ కూడా చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి విను, ఒకే మనిషి పనంటే నమ్మవు.

బేస్‌లైన్_బాబు
బెత్ గిబ్బన్స్ వరకు ఒప్పుకుంటా. పోర్టిస్‌హెడ్ బ్యాండ్ గాయని, సొంతంగా చేసిన మొదటి పూర్తి ఆల్బమ్, దాని మీద పదేళ్ళు పని చేసింది. డ్రమ్ముల బదులు వంటింటి డబ్బాలు, పళ్ళేల లాంటివి కొట్టారని చదివాక మళ్ళీ విన్నా, నిజమే, ఎక్కడా మామూలు డ్రమ్ సెట్ మోత లేదు. వయసు మీద పడటం, తల్లితనం, అయినవాళ్ళు పోవడం, ఇవి పాడటానికి రాక్‌లో ఇన్నేళ్ళకి ఒకరు ధైర్యం చేశారు.

ఫాంటెయిన్స్ మీద మాత్రం నా మాట మారదు.

పాతపాటల_ప్రసాద్
క్యూర్ గురించి నేను రాయాలి. 1989లో 'డిసింటిగ్రేషన్' వచ్చినప్పుడు ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నా. జయనగర్‌లో మిత్రుడి అన్నయ్య విదేశం నుంచి క్యాసెట్ తెస్తే, దాన్ని ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించుకుని, అది అరిగిపోతే మళ్ళీ ఎక్కించుకుని విన్నాం. క్యాసెట్‌లో పాట దాటేయడం పెద్ద పని, అందుకే మొత్తం వినేవాళ్ళం. కిట్టు బాధ నాకు బాగా అర్థమవుతుంది.

ఈ కొత్త ఆల్బమ్‌లో ఏడ్చేది ఊరికే కాదు మూర్తీ. రాబర్ట్ స్మిత్ అన్న రిచర్డ్ పోయాడు, ఒక పాట నేరుగా ఆయన మీదే. మా అన్నయ్య మూడేళ్ళ కిందట పోయాడు. ఆ పాటలో పియానో ఒకే చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంది, వేరే చోటికి వెళ్ళదు. ఆ రోజుల్లో బుర్ర అలాగే పని చేస్తుంది, ఒకే విషయం దగ్గర తిరుగుతూ ఉంటుంది. అరవై అయిదేళ్ళ మనిషి దాన్ని అంత సూటిగా పాడితే విని కూర్చున్నాను.

బ్రిటన్ ఆల్బమ్ అమ్మకాల జాబితాలో ఇది మొదటి స్థానానికి వెళ్ళింది. వాళ్ళకి అంతకుముందు ఆ స్థానం 1992లో 'విష్'కి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత అంత నిదానమైన ఆల్బమ్ జనం కొన్నారంటే, వినే ఓపిక పోలేదన్నమాట.

మెటల్_మూర్తి
ప్రసాద్ గారూ, ఆ పాట విన్నాను ఇప్పుడే. మీరు చెప్పింది నిజం.

లోఫై_లక్ష్మి
ఎవరూ సిండీ లీ పేరెత్తలేదా? 'డైమండ్ జూబిలీ' లేకుండా 2024 జాబితా ఏంటసలు?

కెనడా మనిషి పాట్రిక్ ఫ్లెగెల్, ఒకప్పుడు విమెన్ అనే బ్యాండ్. సిండీ లీ పేరుతో ముప్పై రెండు పాటలు, రెండు గంటల పైన. మార్చిలో విడుదలైనప్పుడు ఏ స్ట్రీమింగ్ ఆప్‌లోనూ లేదు. యూట్యూబ్‌లో ఒకే పొడుగు వీడియో, లేదంటే పాతకాలం తరహా జియోసిటీస్ వెబ్ పేజీ నుంచి ఫైళ్ళు దించుకోవడం. ఇష్టమైతే ముప్పై కెనడా డాలర్లు పంపండని రాసి పెట్టారు. ప్రచారం లేదు, లేబుల్ హడావుడి లేదు. సంగీత సమీక్షల సైట్ పిచ్‌ఫోర్క్ వాళ్ళు పదికి 9.1 ఇచ్చారు, ఇప్పుడు ఏడాది జాబితాలో మొదటి స్థానమే ఇచ్చారు.

వింటుంటే రాత్రిపూట దూరపు స్టేషన్ ఏదో రేడియోలో చిక్కినట్టు ఉంటుంది. అరవైల నాటి అమ్మాయిల బృందాల పాటలు, వాటి మీద గీరుకుపోయే గిటార్. కిట్టు అడిగిందానికి అసలైన జవాబు ఇదే. యూట్యూబ్‌లో దీన్ని వరసగా తప్ప ఇంకోలా వినే దారే లేకుండా పెట్టారు.

చిత్తూరు_చిన్నోడు
రెండు గంటలా అక్కా! ట్రాఫిక్ కదలని సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర వినాల్సిన ఆల్బమ్ ఇది.

లోఫై_లక్ష్మి
మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి శుక్రవారం సాయంత్రం బయల్దేరు తమ్ముడూ, ఇంకా పాటలు చాలవు 😄

బేస్‌లైన్_బాబు
లక్ష్మి గారూ, నేను విన్నాను. సగం దాకా అద్భుతం. తర్వాత ఒకే రంగు. ఇరవై పాటలకి కత్తిరించి ఉంటే నా మొదటి స్థానం కూడా దానికే.

లోఫై_లక్ష్మి
కత్తిరిస్తే అందులో దారి తప్పే సుఖం పోతుంది బాబు గారూ. పన్నెండో పాటలో ఉన్నానో ఇరవయ్యో పాటలో ఉన్నానో తెలియకుండా వినడమే నాకు నచ్చింది. ఏ ఇరవై ఉంచుతారో చెప్పండి చూద్దాం, ప్రతి ఒక్కరి ఇరవై వేరుగా ఉంటుంది.

సౌండ్_సుధీర్
నేను రికార్డింగ్ పనిలో ఉన్నా, కాబట్టి నా ఏడాదంతా మే 7 చుట్టూ తిరిగింది. ఆ రోజు రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ అల్బీనీ పోయాడు, 61 ఏళ్ళు. సరిగ్గా పది రోజులకి, మే 17న, ఆయన బ్యాండ్ షెల్లాక్ ఆల్బమ్ 'టు ఆల్ ట్రెయిన్స్' వచ్చింది. విడుదల తేదీ ముందే ఖాయమై ఉంది, అలాగే వచ్చింది. పది పాటలు, అరగంట లోపే అయిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. పిక్సీస్ 'సర్ఫర్ రోసా', నిర్వాణ 'ఇన్ యుటెరో' రికార్డు చేసింది ఈయనే. నిర్వాణకి రాసిన ఉత్తరంలో తనకి ప్లంబర్‌కి ఇచ్చినట్టు కూలీ ఇవ్వండి చాలు, అమ్మకాల్లో రాయల్టీ వద్దన్నాడు. పాట బ్యాండ్‌దే, తను కూలికి వచ్చిన పనివాడినని ఆయన లెక్క. అలా వదులుకున్న డబ్బు ఎంతో ఆలోచించండి.

షెల్లాక్ ఆల్బమ్‌లో డ్రమ్ములు వినండి. గదిలో గాలి ఎంతుందో తెలుస్తుంది. కొట్టిన దెబ్బ గోడకి తగిలి వెనక్కి వచ్చేదాకా మైకు వదలదు. ఈ రోజుల్లో మిక్స్ చేసేవాళ్ళు ఆ గాలంతా పిండేసి శబ్దాన్ని పైకి తోస్తారు, ఫోన్ స్పీకర్లో గట్టిగా వినపడాలని. గట్టిదనం వాల్యూమ్ బటన్లో ఉండాలి, రికార్డింగులో కాదు. మా దగ్గరకొచ్చే కుర్ర బ్యాండ్లకి ముందు ఈ ఆల్బమే వినిపిస్తున్నా.

నవంబర్లో వచ్చిన కిమ్ డీల్ 'నోబడీ లవ్స్ యూ మోర్' కూడా వినండి, అందులో కొన్ని పాటలు అల్బీనీ రికార్డు చేసినవే. 'సర్ఫర్ రోసా'లో బేస్ వాయించిన ఆవిడే. ఆ ఆల్బమ్‌తో మొదలైన పరిచయం చివరి దాకా నడిచింది.

పాతపాటల_ప్రసాద్
సుధీర్, చాలా మంచి పోస్టు. కిమ్ డీల్ ఆల్బమ్ నా దృష్టికి రాలేదు, ఈ రాత్రికి అదే.

గుంటూరు_గిటార్
అందరూ నెమ్మది ఆల్బమ్‌లే చెప్తున్నారు, నేను జాక్ వైట్ 'నో నేమ్' చెప్తా. జులైలో తన థర్డ్ మ్యాన్ రికార్డు షాపుల్లో ఏది కొన్నా సంచీలో ఒక తెల్ల అట్ట రికార్డు ఊరికే వేసి పంపారు. పాడింది ఎవరో లేదు, పాటల పట్టీ లేదు. ఇంటికెళ్ళి పెడితే కొత్త ఆల్బమ్! కాపీ చేసి అందరికీ పంచమని వాళ్ళే చెప్పారు. ఆగస్టులో మామూలుగా విడుదల చేశారు.

ఆ కథ పక్కన పెట్టండి, గిటార్ వినండి. ఒక రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క) మొదలైతే పాట అయ్యేలోపు అది మన చేతుల్లోకి వచ్చేస్తుంది. నేను బీటీఎం లేఔట్ గదిలో ఇది పెట్టుకుని వాయిస్తుంటే కింద ఓనర్ గారు పైకొచ్చి తలుపు కొట్టారు. సౌండ్ తగ్గించమంటారేమో అనుకున్నా, ఎవరిదీ పాట అని అడిగారు.

చిత్తూరు_చిన్నోడు
అన్నా ఆ ఓనర్ ఇంట్లో ఇంకో రూమ్ ఖాళీ ఉందా 😂

అనంతపురం_అరుణ
చదువుతూ పోతున్నా, మన దేశం నుంచి క్రిప్టోస్ ఒక్కటేనా? ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. ఆగస్టులో 'బీటా' తెచ్చారు. 2019లో 'బిస్మిల్లా' తర్వాత ఇదే. ట్రంపెట్, మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలు, సూర్యకాంత్ సాహ్నీ బద్ధకంగా సాగే గొంతు. పెళ్ళి మండపంలో అందరూ వెళ్ళిపోయాక బ్యాండ్ వాళ్ళు తమ కోసం వాయించుకున్నట్టు ఉంటుంది.

అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. ఇంతమంది తెలుగువాళ్ళం ఇక్కడ రాసుకుంటున్నాం, ఒక్కరి జాబితాలోనూ తెలుగు రాక్ ఆల్బమ్ లేదు. మలయాళంలో అవియల్ బ్యాండ్ 2008లోనే ఆల్బమ్ తెచ్చింది. చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ ఉంది. కన్నడలో స్వరాత్మ, రఘు దీక్షిత్ ఈ ఊళ్ళోనే ఉన్నారు. మనకేమైంది?

బేస్‌లైన్_బాబు
సినిమా. మనకి పాటంటే సినిమా పాటే. కాస్త బాగా పాడేవాడు కనపడితే సినిమావాళ్ళు తీసుకెళ్ళిపోతారు.

మెటల్_మూర్తి
చౌరస్తా బ్యాండ్ ఉంది కదా. 'ఊరెళ్ళిపోతా మామ' ఇక్కడ పీజీల్లో వినని తెలుగోడు లేడు. రెగ్గే నడకలో మన మాట అంత హాయిగా కూర్చుంటుందని అప్పుడే తెలిసింది. సంక్రాంతి ముందు మడివాళలో బస్సు కోసం నిలబడినప్పుడు ఎవరో ఒకరి ఫోన్లో అది మోగుతుంది.

బేస్‌లైన్_బాబు
నేను చెప్పింది కూడా అదే. అందులోంచి రామ్ మిర్యాల 'జాతిరత్నాలు'తో సినిమాకి వెళ్ళాడు. తప్పని అనను, బతకాలి కదా. కానీ ఒక పాట హిట్టవడం వేరు, నలభై నిమిషాల ఆల్బమ్ వేరు.

శ్రావ్య_హెచ్ఎస్ఆర్
ఈ ఏడాది మే నెలలో ఎండూ మొక్తార్ 'ఫ్యునరల్ ఫర్ జస్టిస్' వచ్చింది. నైజర్ దేశం, తువరెగ్ తెగ మనిషి. మొదటి గిటార్‌కి సైకిల్ తీగలు కట్టుకుని నేర్చుకున్నాడు. పాడేది తమషెక్‌లో, తన జనం మాట. ఫ్రాన్స్ వాళ్ళు తన దేశాన్ని ఏం చేశారో, ఆఫ్రికా నాయకులు ఏం చేస్తున్నారో నిలదీస్తాడు. 2023లో అమెరికాలో టూర్లో ఉండగా సొంత దేశంలో సైన్యం అధికారం లాక్కుంది, బ్యాండ్ ఇంటికి వెళ్ళలేక అక్కడే చిక్కుకుపోయింది. విరాళాలు అడిగి నెట్టుకొచ్చారు. ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్ ఇది.

మనకి మాట్లాడేవాళ్ళు కోట్లమంది. తమషెక్ మాట్లాడేవాళ్ళు అందులో ఏ మూలకి? ఒక్క ముక్క అర్థం కాకుండా నేను హెచ్ఎస్ఆర్‌లో కూర్చుని ఆ కోపం మొత్తం విన్నాను. సినిమా ఉంది కాబట్టి ఆల్బమ్ రాదనడం నాకు నచ్చదు. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి.

గుంటూరు_గిటార్
చేసేవాళ్ళున్నారు శ్రావ్య గారూ, మా నలుగురం అదే పనిలో ఉన్నాం. కష్టం ఎక్కడుందో చెప్తా. వాయించడానికి చోటు కావాలి. బెంగళూరులో హమ్మింగ్ ట్రీ అనే సంగీత వేదిక ఉన్నప్పుడు సొంత పాటలు వాయించే బ్యాండ్లకి ఒక దారి ఉండేది, అది 2019లో మూసేశారు. మొన్న ఒక పబ్బులో అడిగితే మేనేజర్, తెలుగు పాటలైతే సినిమావే వాయించండి, సొంతవి రెండుకి మించొద్దన్నాడు. రెండు పాటలతో ఆల్బమ్ ఎలా పదునెక్కుతుంది? జనం ముందు పడి లేస్తేనే ఏ పాట ముందుండాలో, ఏది వెనకుండాలో తెలిసేది.

పాటలు మాత్రం ఆరు సిద్ధం. పొగాకు బేరాల మీద ఒకటి, మిర్చి యార్డు మీద ఒకటి.

సౌండ్_సుధీర్
ఆరు పాటలు సిద్ధమా? గిటారూ, నాకు మెసేజ్ పెట్టు. ముందు రిహార్సల్ గదిలో ఫోన్ పెట్టి మొత్తం ఒకే ఊపులో వాయించి పంపు, ఎక్కడా ఆపొద్దు. స్టూడియో సంగతి తర్వాత చూద్దాం. డ్రమ్ములు ఒక్కరోజులో అయిపోతాయి, నలుగురూ ఒకే గదిలో ఉంటే.

అనంతపురం_అరుణ
మిర్చి యార్డు పాట కావాలి నాకు. అది మొదటి పాటగా పెట్టండి.

బేస్‌లైన్_బాబు
బేసిస్టు ఉన్నాడా మీకు?

గుంటూరు_గిటార్
ఉన్నాడు బాబన్నా, కానీ మార్చిలో పెళ్ళి చేసుకుంటున్నాడు. మీ నంబర్ అట్టిపెట్టుకుంటా 😄

సుధీర్ గారూ, మెసేజ్ పెట్టా.

కాడుగోడి_కిట్టు
మూర్తీ, 'డెసిమేటర్' మొత్తం విన్నా. గిటార్లు నువ్వు చెప్పినట్టే ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పైకెళ్ళే చోట వెనక్కి పెట్టి మళ్ళీ విన్నా. గొంతు మాత్రం నాకు ఎక్కలేదు, గరగర ఎక్కువైంది. నా పదింట్లో పెట్టను, కానీ జిమ్‌కి వెళ్ళేటప్పుడు ఇదే.

మెటల్_మూర్తి
జిమ్‌కి పెట్టావంటే సగం దారి వచ్చినట్టే. ఫిబ్రవరికి గొంతు కూడా ఎక్కుతుంది.

చిత్తూరు_చిన్నోడు
ఒక సాయం కావాలి. మా చెల్లి ఇంటర్ మొదటి సంవత్సరం, గిటార్ కొనిచ్చాం, సినిమా పాటలు తప్ప ఏమీ వినలేదు. మీరు చెప్పినవాటిలో తనకి ముందు ఏది ఇవ్వాలి? రెండు గంటలది వద్దు లక్ష్మక్కా.

లోఫై_లక్ష్మి
ఇప్పుడొద్దులే, వచ్చే ఏడాది ఇవ్వు. ముందు 'టైగర్స్ బ్లడ్'.

పాతపాటల_ప్రసాద్
వయసుకి ఫాంటెయిన్స్ బాగా పట్టుకుంటుంది. బాబు ఏమన్నా సరే.

గుంటూరు_గిటార్
వాయించడం నేర్చుకుంటోంది కాబట్టి 'నో నేమ్', తర్వాత లెండర్మన్. జాక్ వైట్ రిఫ్‌లు చెవితో పట్టుకోవచ్చు, లెండర్మన్ పాటల్లో తొందర ఉండదు, వెంట వాయించొచ్చు. ఒకటి చూడు తమ్ముడూ, కొత్త గిటార్లకి తీగలు పలక మీద నుంచి మరీ ఎత్తుగా ఉంటాయి. పిల్లలు వేళ్ళు నొప్పెట్టి నెలలోపే మూల పెట్టేస్తారు. ఎలక్ట్రిక్ అయితే 9 నంబర్ సన్న తీగలు వేయించు. ఆదివారం బీటీఎం వైపు వస్తే పట్టుకురండి, నేనే ఎత్తు తగ్గించి ఇస్తా.

చిత్తూరు_చిన్నోడు
అకూస్టిక్ అన్నా. పన్నెండో గడి దగ్గర వేలు దూరిపోయేంత ఎత్తుంది. ఆదివారం పదకొండింటికి వస్తాం.